హైదరాబాద్ రైళ్లకు ఒకే పటం: గీసే పద్ధతి

హైదరాబాద్‌లో ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు 2003 ఆగస్టులో మొదలయ్యాయి. మెట్రో 2017 నవంబరులో వచ్చింది. ఊరు ఒకటే, టికెట్లు వేరు, పటాలు వేరు. ప్రయాణికుడికి కావలసింది మాత్రం రెండూ కలిసి కనిపించే ఒక్క పటం. దాన్ని గీయడం ఎలాగో చూద్దాం.

గీతల జోలికి వెళ్లకముందే స్టేషన్ల పట్టిక రాసుకోవాలి. ఒక్కో పేరు ఎదురుగా అక్కడ ఏ రైలు ఆగుతుందో, అక్కడ దిగి నడిచి ఇంకే రైలు ఎక్కొచ్చో రాయాలి. ఈ పని కాగితం మీద తేలదు, స్టేషన్లకు వెళ్లి నడిచి చూడాల్సిందే. బేగంపేటలో రైలు దిగి మెట్రో ఎక్కొచ్చు. భరత్‌నగర్, ఖైరతాబాద్, మలక్‌పేటల్లోనూ అంతే. హైటెక్ సిటీ దగ్గర మాత్రం జాగ్రత్త. ఎం.ఎం.టి.ఎస్.కు ఆ పేరుతో ఒక స్టేషన్ ఉంది, మెట్రోకూ ఉంది. అవి ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి మారేంత దగ్గర కాదు. పేరు కలిసింది కదా అని రెండు చుక్కలూ కలిపేస్తే, కొత్తగా ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు రైలు దిగి మెట్రో మెట్ల కోసం వెతుక్కుంటాడు. అందుకే వాటిని పటంలో దూరంగానే ఉంచి, ఒకదాని పక్కన ‘మెట్రో’ అని, రెండోదాని పక్కన ‘రైల్వే’ అని రాయాలి.

తర్వాత అస్థిపంజరం. లండన్ భూగర్భ రైళ్లకు హ్యారీ బెక్ గీయగా 1933లో వెలువడిన పటమే ఇప్పటికీ దారి చూపిస్తోంది: గీతలు అడ్డంగా, నిలువుగా, లేదా 45 డిగ్రీల వాలుగా ఉండాలి. నేల మీది అసలు దూరాలను పట్టించుకోనక్కర్లేదు. మన పటానికి వెన్నెముక మియాపూర్–ఎల్.బి.నగర్ ఎర్ర లైను. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దాన్ని ఒకే వాలు గీతగా లాగితే మిగతావి చాలావరకు సర్దుకుంటాయి. ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి మూడు చోట్లా ఎం.ఎం.టి.ఎస్. దాని పక్కనే నడుస్తుంది కాబట్టి అక్కడ రెండు గీతలూ జంటగా దిగాలి. నాగోల్–రాయదుర్గం నీలి లైను అడ్డంగా, జె.బి.ఎస్.–ఎం.జి.బి.ఎస్. ఆకుపచ్చ లైను నిలువుగా. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని వాళ్లు ఉంటారు కనుక ప్రతి లైను కొసన దాని పేరు రాయక తప్పదు.

హుస్సేన్‌సాగర్, మూసీ రెండూ పటంలో ఉండాలి. న్యూయార్క్‌లో డిజైనర్ విగ్నెల్లి గీసిన 1972 నాటి సబ్‌వే పటం సెంట్రల్ పార్కును చతురస్రంగా చూపిస్తే జనం ఒప్పుకోలేదు, 1979లో దాన్ని మార్చేశారు. రోజూ కళ్లతో చూసేదాని రూపు మారిస్తే మనుషులు పటాన్నే నమ్మరు. నెక్లెస్ రోడ్ స్టేషన్ సాగర్‌కు పడమట, సంజీవయ్య పార్కు ఉత్తరాన ఉండాలి. మలక్‌పేట మూసీ దాటాకే రావాలి.

అసలు కష్టం ఇక్కడి నుంచి. పటంలో గీత కనిపిస్తే రైలు ఉందనే అనుకుంటాం. మెట్రో కొద్ది నిమిషాలకొకటి వస్తుంది. ఎం.ఎం.టి.ఎస్.కైతే టైము చూసుకుని బయల్దేరాలి. 2023లో మేడ్చల్ వైపు, 2024లో మౌలాలి–సనత్‌నగర్ దారిలో సర్వీసులు మొదలయ్యాయి, కానీ అవి రోజుకు కొద్దిసార్లే నడుస్తాయి. వీటినీ మెట్రోనూ ఒకే మందాన గీస్తే అబద్ధం చెప్పినట్టే. పిల్లను చంకనేసుకుని ప్లాట్‌ఫాం మీద గంటసేపు నిలబడే తల్లికి ఆ అబద్ధం ఖరీదు తెలుసు. కాబట్టి గీత మందాన్ని టైంటేబుల్ నిర్ణయించాలి. ఎప్పుడెళ్లినా దొరికే దారికి లావు గీత, టైము చూసుకోవాల్సిన దానికి సన్నగీత, రోజుకు కొద్దిసార్లే నడిచే దానికి బోలు గీత. ఇందులో రాజీ పడితే మిగతా పనంతా అలంకారమే.

పేర్లు తెలుగులో పెద్దవిగా ఉండాలి. కింద ఒత్తులు, పైన గుడులు ఉండే లిపి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎడం మనకు చాలదు. ‘నేచర్ క్యూర్ హాస్పిటల్’ స్టేషన్ పేరును చిన్న సైజులో అచ్చేసి చూడండి. ‘క్యూ’లోని యవత్తు కింది వరుసకు తగులుతుంది, ‘స్పి’ మసకబారుతుంది. పేరును రెండు వరుసలు చేసి మధ్య ఎడం పెంచితే సరిపోతుంది. అక్షరాలను వాలుగా పెట్టొద్దు, తల వంచి చదవాల్సి వస్తుంది.

చివరగా పరీక్ష. ఈ పటం ఎప్పుడూ చూడని మనిషికి ఇచ్చి, ఫలక్‌నుమా నుంచి సైబర్ టవర్స్‌కు ఎలా వెళ్తారో అడగాలి. సైబర్ టవర్స్ ఉన్నది మెట్రో హైటెక్ సిటీ దగ్గర కాబట్టి, మలక్‌పేటలో ఎర్ర లైను, అమీర్‌పేటలో నీలి లైను ఎక్కాలని వేలితో చూపిస్తే పటం పనిచేసినట్టు. వేలు ఎం.ఎం.టి.ఎస్. హైటెక్ సిటీ దగ్గర ఆగిందంటే ఆ మూల మళ్లీ గీయాలి. అచ్చుకు పంపేముందు కింది మూలన నెల, సంవత్సరం వేయండి. టైంటేబుల్ మారిన రోజునే పాత పటం గోడ మీంచి దించేయాలి.