కూతురు కొనిచ్చిన నిద్ర సీసా
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మా ఇంట్లోనే నాలుగు మరమగ్గాలున్నాయి. పగలంతా కండెలు చుడతాను. రాత్రి పదకొండు దాకా మా ఆయన మగ్గాలు ఆడిస్తారు. రెండేళ్ళుగా నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. బీపీ మాత్ర కూడా వేసుకుంటున్నాను. అపారెల్ పార్కులో గార్మెంట్స్ పనికి వెళ్ళే మా అమ్మాయి ఫోన్‌లో ప్రకటన చూసి, తొమ్మిది వందలు పెట్టి నిద్ర గమ్మీల సీసా తెచ్చింది. ఆ వీడియోలో అర్ధరాత్రి వంటింట్లో ఒంటరిగా కూర్చున్న తల్లిని చూసి కూతురు ఏడుస్తుంది. అది చూసి మా పిల్లా ఏడ్చేసింది. వేసుకోకపోతే దాని మనసు నొచ్చుకుంటుందేమో. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, దొడ్డబళ్ళాపురం

జవాబు: అమ్మా, మీ బీపీ చూసే డాక్టరుతో మాట్లాడేదాకా ఆ సీసా మూత తీయకండి. నిద్ర గమ్మీల్లో తరచూ ఉండే మెలటోనిన్ లాంటివి కొన్ని బీపీ మందులతో, రక్తం పలచబరిచే మందులతో పొసగకపోవచ్చు.

మీ అమ్మాయి ప్రేమకు వంక పెట్టాల్సింది ఏమీ లేదు. ఆ ప్రేమ మీదే ప్రకటన బేరం పెట్టింది. ఆ వీడియోను ఈసారి శబ్దం తీసేసి చూడండి. గమ్మీలో ఏముంది, ఎంతుంది, ఎవరు వేసుకోకూడదు అన్నది ఎక్కడైనా కనబడుతుందా? ‘అమ్మను నువ్వు పట్టించుకోవడం లేదు’ అని బిడ్డ గుండెలో ఒక్క ముల్లు గుచ్చితే చాలు, సరుకు గురించి ఎవరూ అడగరు. నాకు కోపం తెప్పించేది అదే.

సీసా వెనక మెలటోనిన్ అని ఉందేమో చూడండి. చీకటి పడ్డాక మన మెదడులోనే ఊరే హార్మోను అది. అంతకుముందు జరిగిన పరీక్షలను కలిపి 2013లో లెక్కగడితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే మెలటోనిన్ వేసుకున్నవాళ్ళకు సగటున ఏడు నిమిషాల ముందు నిద్ర పట్టిందని తేలింది. ఏడు నిమిషాలకు తొమ్మిది వందలు! 2023లో అమెరికాలో 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే, 22 రకాల్లో లేబుల్ మీది లెక్కకూ లోపలి సరుకుకూ పొంతన లేదు. ఒకదానిలోనైతే మెలటోనినే లేదు.

అసలు మీకు నిద్ర ఎందుకు పట్టడం లేదో ఆ ప్రకటన అడగలేదు. మగ్గం ఆగినా దాని చప్పుడు చెవుల్లో ఆడుతూనే ఉంటుంది. తల వాల్చగానే పట్టు ధర, తీర్చాల్సిన అప్పు గుర్తొస్తాయి. రెండేళ్ళ నిద్రలేమికి వైద్యులు ముందుగా చేయించమనేది సీబీటీ-ఐ, అంటే నిద్ర అలవాట్లను, ఆలోచనలను మార్చే చికిత్స. మాత్రల కంటే ముందు దీన్నే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. ఇందులో రోజూ ఒకే వేళకు లేవాలి. నిద్ర రాకపోతే పక్క దిగి ఇవతల కూర్చోవాలి. పక్క మీద గడిపే గంటలను మొదట తగ్గించి, నిద్ర కుదిరేకొద్దీ పెంచుకుంటూ పోతారు. మొదటి వారాలు కష్టంగానే ఉంటాయి, బీపీ ఉంది కాబట్టి సొంతంగా మొదలుపెట్టకండి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ మీకు దూరమేమీ కాదు. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. గట్టిగా గురక పెడతారని ఇంట్లోవాళ్ళు అంటుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. మగ్గాలు గంట ముందు ఆపితే కూలి ఎంత తగ్గుతుందో మీ ఆయనతో కూర్చుని లెక్క వేయండి.

అమ్మాయికి సీసా తిరిగి ఇచ్చేయకండి. డాక్టరు దగ్గరికి తోడు రమ్మనండి, ఆ సీసా కూడా వెంట తీసుకెళ్ళండి.

ప్రశ్న: అశ్వగంధ మన ఆయుర్వేదమే కదా, నిద్రకు భయం లేకుండా వాడవచ్చా? థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: అడగకుండా వాడకండి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. గర్భిణులు అసలు వాడకూడదు. ప్రకటనలో అమ్మమ్మ బొమ్మ, తులసికోట కనిపించినంత మాత్రాన అది మన ఇంటి వైద్యం అయిపోదు.

ప్రశ్న: మోసపు ప్రకటన మీద ఎవరికి చెప్పాలి?
– మరో పాఠకుడు

జవాబు: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ప్రకటన మాయం కాకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి, బిల్లు పారేయకండి.