రక్షణ రేఖ

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం

క్రీడాకారుల జీవితాలు క్రమశిక్షణను, సమష్టి కృషిని, జయాపజయాలను సమంగా స్వీకరించే గుణాన్ని బోధిస్తాయి. హైదరాబాదులో జన్మించి, భారత ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడుగా, శిక్షకుడుగా పనిచేసిన సయ్యద్ నయీముద్దీన్ క్రీడాజీవితం ప్రస్తుత పాఠ్యభాగంలోని వస్తువు. పేరు కోసం గాక జట్టు కోసం ఆడే ఆటగాని విలువను గుర్తించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరంలో నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతాలు నిత్యం జనసమ్మర్దంతో నిండి ఉంటాయి. నాంపల్లిలో రైల్వే స్టేషన్, పబ్లిక్ గార్డెన్స్ ఉన్నాయి. ఆబిడ్స్‌లో పెద్ద తపాలా కార్యాలయం ఉంది. ఆదివారం వస్తే అక్కడి కాలిబాటలు పాత పుస్తకాల బజారుగా మారిపోతాయి. ఈ రెండు ప్రాంతాల నుంచీ నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, బషీర్‌బాగ్ చెంత ఒక విశాలమైన క్రీడామైదానం ఉంది. పాతతరం వారు దానిని ఇప్పటికీ ఫతే మైదాన్ అనే పిలుస్తారు. 1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సేనలు ఇక్కడ విడిది చేశాయని, ఆ విజయానంతరం ఈ పేరు ఏర్పడిందని చెబుతారు. ‘ఫతే’ అంటే విజయం. 1967లో ఈ మైదానానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఒకనాడు ఈ నగరంలో ఫుట్‌బాల్‌కు గొప్ప ఆదరణ ఉండేది. భారత జట్టు ఒలింపిక్ క్రీడలకు బయలుదేరితే అందులో హైదరాబాదు ఆటగాళ్ళు తప్పక ఉండేవారు.

ఫుట్‌బాల్ జట్టులో పదకొండుమంది ఆడతారు. ముందు వరుసలో ఉండి గోల్ చేసేవారికి కీర్తి సులభంగా లభిస్తుంది. మరునాటి పత్రికలో వారి పేరే అచ్చవుతుంది. వెనుక వరుసలో నిలిచి ప్రత్యర్థులను అడ్డుకొనే ఆటగాణ్ణి డిఫెండర్ అంటారు. అతని శ్రమ అంత తేలికగా కంటికి కనిపించదు. చేసిన గోల్‌కు లెక్క ఉంటుంది. ఆపిన గోల్‌కు లెక్క ఉండదు. అతడు తొంభై నిమిషాలు నిర్దుష్టంగా ఆడి ఒక్క క్షణం ఏమరితే, ప్రేక్షకులకు ఆ ఒక్క క్షణమే జ్ఞాపకముంటుంది.

ఈ పనికి దేహబలం ఒక్కటే చాలదు. బంతి ఎక్కడికి రాబోతున్నదో ముందుగా ఊహించాలి. ప్రత్యర్థి కదలికను, తన సహచరుని స్థానాన్ని ఒకేసారి గమనించాలి. పక్కవాడు బంతి కోసం ముందుకు దూకితే, అతడు వదిలిన ఖాళీని తాను పూరించాలి. అడ్డుపడే క్షణాన్ని ఎంచుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. తొందరపడితే ప్రత్యర్థి తప్పించుకొని పోతాడు. ఆలస్యం చేస్తే కాలు బంతికి గాక మనిషికి తగులుతుంది. ఆ తప్పు గోల్ ముందున్న పెనాల్టీ ప్రాంతంలో జరిగితే, పన్నెండు గజాల దూరం నుంచి నేరుగా గోల్ మీదికి తన్నే అవకాశం ఎదుటి జట్టుకు దక్కుతుంది.

బ్రెజిల్ పేరు వినగానే అందరికీ పీలే గుర్తుకు వస్తాడు. కాని 1958, 1962 ప్రపంచ కప్పులను గెలిచిన ఆ జట్ల వెనుక వరుసలో జాల్మా శాంటోస్, నిల్టన్ శాంటోస్ ఉన్నారు. తరువాతి కాలంలో కఫూ అనే డిఫెండర్ 1994, 1998, 2002 సంవత్సరాలలో వరుసగా మూడు ప్రపంచ కప్ ఫైనల్ పోటీలలో ఆడాడు. మూడవసారి జట్టుకు నాయకత్వం వహించి కప్పును అందుకొన్నాడు. దాడికి పేరుపొందిన దేశం కూడా రక్షణను ఉపేక్షించలేదని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఇటువంటి దృష్టిని అలవరచిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో జన్మించారు. వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయులు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతను స్వీకరించారు. ఆయన శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. బంతిని ఎక్కువసేపు తన వద్దే ఉంచుకొని గారడీ చేయడం ఆయనకు నచ్చేది కాదు. అందువల్ల బంతిని కొద్దిసార్లు మాత్రమే తాకి సహచరునికి అందించాలనే నియమంతో పోటీలు నిర్వహించారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. ఆట ఒక్కరిది కాదని, పదకొండుమందిదని ఆయన ఈ విధంగా ఆచరణలో బోధించారు.

రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ వంటి హైదరాబాదు ఆటగాళ్ళు ఉన్నారు. వీరిలో అజీజుద్దీన్ డిఫెండర్. 1962లో జకార్తాలో మన జట్టు మరల స్వర్ణం సాధించింది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించగా, ఫైనల్ పోటీలో అతడు గోల్ చేశాడు. క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్న రహీం ఆ మరుసటి సంవత్సరం, 1963 జూన్‌లో కన్నుమూశారు.

అప్పటికి సయ్యద్ నయీముద్దీన్‌కు ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆయన 1944లో హైదరాబాదులో జన్మించారు. రహీం తీర్చిదిద్దిన క్రీడా వాతావరణంలోనే ఎదిగి, హైదరాబాదు పోలీసు జట్టులో ఆడి డిఫెండర్‌గా పేరు తెచ్చుకొన్నారు. ఆ రోజులలో ఫుట్‌బాల్ మన దేశంలో పూర్తి వృత్తిగా రూపొందలేదు. ఆటగానికి పోలీసు శాఖలోనో, రైల్వేలోనో ఉద్యోగం దొరికితే ఇల్లు గడిచేది. ఆట మీద ఆధారపడి మరింత మెరుగైన జీవనం కోరుకొనేవారు కలకత్తా దారి పట్టేవారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ వంటి పెద్ద క్లబ్బులు అక్కడ ఉండేవి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. నయీముద్దీన్ కూడా 1960వ దశకంలో అదే బాటలో నడిచి, కలకత్తా క్లబ్బులలో ఆడారు. కన్న ఊరు నేర్పిన విద్యకు మరొక ఊరు ఆశ్రయం ఇచ్చింది.

1970 డిసెంబరులో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా క్రీడలలో నయీముద్దీన్ భారత జట్టుకు నాయకత్వం వహించారు. మూడవ స్థానం కోసం జరిగిన పోటీలో భారత్ ఎదుర్కొన్నది సామాన్యమైన జట్టును కాదు. అంతకు రెండేళ్ళ ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించిన జపాన్‌ను. ఆ పోటీలో మన జట్టు 1-0 తేడాతో గెలిచింది. ఒక్క గోల్‌తో దక్కిన గెలుపులో రక్షణ శ్రేణి పాత్ర ఎంతటిదో ఊహించడం కష్టం కాదు. ఆధిక్యం ఒకటే అయినప్పుడు ఒక్క పొరపాటుకు కూడా చోటుండదు. పురుషుల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆసియా క్రీడలలో దక్కిన చివరి పతకం అదే. ఆ తరువాత అర్ధ శతాబ్దం దాటినా మరొక పతకం రాలేదు. ఆ సంవత్సరమే నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం లభించింది.

ఆట విరమించిన పిదప ఆయన శిక్షకులయ్యారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ జట్టు ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ అనే మూడింటినీ గెలుచుకొన్నది. ఆయనకు ద్రోణాచార్య పురస్కారం కూడా 1990 సంవత్సరానికే లభించింది. ఫుట్‌బాల్ శిక్షకులలో ఈ పురస్కారం పొందిన మొదటివారు ఆయనే. క్రమశిక్షణ విషయంలో ఆయన కఠినులని పేరు. ఎంత పెద్ద ఆటగాడైనా నియమం ముందు సమానుడే అన్నది ఆయన పద్ధతి. 2005లో ఆయన శిక్షణలోని భారత జట్టు కరాచీలో దక్షిణాసియా కప్పును గెలిచింది. మరుసటి ఏడు ఆసియా కప్ అర్హత పోటీలలో పరాజయాలు ఎదురయ్యాయి. ఆ బాధ్యత మరొకరి చేతికి మారింది. గెలుపును జట్టుకు ఇచ్చి, ఓటమిని తాను మోయడం శిక్షకుని ధర్మం. డిఫెండర్ ధర్మం కూడా ఇంచుమించు అదే.

హైదరాబాదు ఫుట్‌బాల్ మాత్రం ఆ వైభవాన్ని నిలుపుకోలేకపోయింది. రహీం వంటి గురువు లేని లోటు తీరలేదు. మేటి ఆటగాళ్ళు ఒకరి తరువాత ఒకరు వలసపోయారు. మైదానాలలోను, పిల్లల మనసులలోను క్రికెట్ స్థానం పెరిగింది. 2008లో ఏ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్ పోటీలు ఈ నగరంలో జరిగినప్పుడు లాల్ బహదూర్ మైదానం మళ్ళీ అంతర్జాతీయ ఫుట్‌బాల్‌ను చూసింది. కాని ఫైనల్ పోటీ ఢిల్లీలో జరిగింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచి ఆశలు రేపింది. 2025లో ఆ క్లబ్బు కూడా ఢిల్లీకి తరలిపోయింది.

ఒక నగరం క్రీడాకారులను కనడం ఎంత ముఖ్యమో, వారిని నిలుపుకోవడం అంత ముఖ్యం. పాఠశాలకు ఒక ఆటస్థలం, పిల్లలకు ఒక మంచి శిక్షకుడు, ఆటగానికి ఒక జీవనోపాధి ఉన్నప్పుడే క్రీడ వర్ధిల్లుతుంది. ఒక ఉపాధ్యాయుడు ఈ నగరానికి నేర్పిన ఆట ఆసియా ఖండంలో పతకాలు తెచ్చింది. ఆ ఆటను నేర్చుకొన్న ఒక డిఫెండర్ దేశపు జట్టును నడిపించాడు. గోల్ చేసిన వానికి చప్పట్లు కొట్టేటప్పుడు, వెనుక నిలిచి ఆ గెలుపును కాపాడిన వానిని కూడా తలచుకోవడం మన బాధ్యత.

కఠిన పదాలు – అర్థాలు

జనసమ్మర్దం = జనుల రద్దీ
విడిది = బస
నిర్దుష్టంగా = దోషం లేకుండా
ఏమరు = అజాగ్రత్తగా ఉండు
ఉపేక్షించు = పట్టించుకోకుండా ఉండు
ఆధిక్యం = పైచేయి
పిదప = తరువాత

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సయ్యద్ నయీముద్దీన్ క్రీడాజీవితాన్ని వివరించండి.
2. హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవానికి, క్షీణతకు గల కారణాలను విశ్లేషించండి.

ఆ) సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. చేసిన గోల్‌కు లెక్క ఉంటుంది. ఆపిన గోల్‌కు లెక్క ఉండదు.
2. కన్న ఊరు నేర్పిన విద్యకు మరొక ఊరు ఆశ్రయం ఇచ్చింది.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘ఫతే’ అనే పదానికి అర్థమేమి?
2. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు రోవర్స్ కప్పును వరుసగా ఏయే సంవత్సరాలలో గెలిచింది?
3. 1970 ఆసియా క్రీడలలో మూడవ స్థానం కోసం భారత్ ఏ జట్టుతో ఆడింది?

ఈ) సంధులు
విజయానంతరం = విజయ + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి
ద్రోణాచార్య = ద్రోణ + ఆచార్య – సవర్ణదీర్ఘ సంధి
రెండేళ్ళు = రెండు + ఏళ్ళు – ఉత్వ సంధి

ఉ) సమాసాలు
జయాపజయాలు – జయమూ, అపజయమూ – ద్వంద్వ సమాసం
ఐదేళ్ళు – ఐదు సంఖ్యగల ఏళ్ళు – ద్విగు సమాసం
దేహబలం – దేహం యొక్క బలం – షష్ఠీ తత్పురుష సమాసం