తాయెత్తు, నల్లరాయి, పాముకాటు

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా గద్వాల నడిగడ్డలోను, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలోను రక్షకై ఏదో ఒక వస్తువు కట్టని పసిబిడ్డ అరుదు. మొలతాడుకు తాయెత్తు, ముంజేతికి వసకొమ్ముల కంకణం, అరికాలికి దిష్టిచుక్క సర్వసాధారణం. వీటిని నేను పరిహసించను. చరకసంహిత సూత్రస్థానంలో చెప్పిన మూడు విధాల చికిత్సలలో దైవవ్యపాశ్రయం ఒకటి, మణిధారణ అందులోనిదే. దూరాన ఐర్లండులో కూడ గ్రామీణులు కీళ్లనొప్పులకు జేబులో బంగాళాదుంప ఉంచుకొని తిరిగేవారట! దానివలన కీలుకు మేలు లేదు, హానియు లేదు.

నల్లరాయి సంగతి వేరు. పాముకాటుపై ఉంచితే విషం పీల్చునని కొన్ని ఇండ్లలో దీనిని దేవుని గూటిలో భద్రపరుస్తారు. నిజానికి అది సాధారణంగా కాల్చిన పశువు ఎముక. సూక్ష్మరంధ్రాలు ఉండుటచే తడిని పీల్చి గాయానికి అతుక్కొంటుంది. విషం అప్పటికే ధాతువులలో ప్రవేశించి ఉంటుంది. మరి కొందరు బ్రతుకుటకు కారణమేమి? కరచినది విషం లేని పాము కావచ్చు, లేదా విషసర్పమే విషం దింపకుండా కరచి ఉండవచ్చు. కీర్తి మాత్రం రాయికి దక్కుతుంది.

కొన్నేండ్ల క్రిందట ఒక వానాకాలపు వేకువన ఒక యువరైతును నా వద్దకు తెచ్చినారు. రాత్రి నేలపై పడుకొన్నాడు. "పురుగు ముట్టింది అయ్యా, రాయి పట్టింది, విషం గుంజింది" అన్నాడు తండ్రి. కుర్రవానికి వాపు లేదు, నొప్పి లేదు. కనురెప్పలు మాత్రం వాలిపోతున్నవి, మాట ముద్దగా వస్తున్నది. కట్లపాము లక్షణాలివి. రాయిని నమ్మి వారు మూడు గంటలు పోగొట్టినారు. నా అలమారలో దీనికి మందు లేదని చెప్పి, అదే జీపులో ప్రభుత్వాసుపత్రికి పంపితిని.

మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించినట్లు 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు విరుగుడు రక్తనాళంలోకి ఎక్కించే ప్రతివిషం ఒక్కటే. 108కు ఫోను చేయండి. రోగిని నడిపించరాదు, కరచిన అవయవాన్ని కర్రబద్దతో కదలకుండ ఉంచవలె. ఆ చేతికో కాలికో ఉన్న తాయెత్తు దారం, కడియం, ఉంగరం వెంటనే తీసివేయవలె. వాపు వచ్చిన పిదప అవే బిగిసి రక్తప్రసరణను ఆపుతవి.

మరొక మాట చెప్పుటకు నాకు కొంత కష్టముగానే ఉన్నది. కాటుకు నాలుగు అంగుళాల పైన కట్టు కట్టుమని సుశ్రుతుని కల్పస్థానం చెబుతున్నది. గురుకులంలో నేనును అట్లే నేర్చితిని, చాలమందికి కట్టితిని. బిగించి కట్టిన కట్టు వలన అవయవమే చెడిపోవునని తెలిసిన పిదప మానితిని. మీరును కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి.

ఆ కుర్రవాడు కొన్నాళ్లు శ్వాసయంత్రంపై ఉండి బ్రతికినాడు. ఆసుపత్రికి చేరువరకు ప్రాణం నిలిపినది రాయేనని అతని తల్లి నేటికీ అంటుంది. నేను వాదించలేదు. రాయిని దేవుని గూటిలోనే ఉంచమంటిని. ఇంట్లో అందరికీ మంచాలు, దోమతెరలు కొనమంటిని. మంచాలు కొన్నారు.