సంఘం విడిచినవారి సాక్ష్యం

రాజోలు సంఘాన్ని విడిచి, దాని గురించి రాయదలచిన చిరంజీవికి ఈ ఉత్తరం.

సంఘాన్ని విడిచి వచ్చినవారు తాము అక్కడ చూసిన అన్యాయాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి నలుగురి ముందు నిలదీయడం తగునా అనే ప్రశ్న కోనసీమ క్రైస్తవ కుటుంబాల్లో ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్నా, దాని వేళ్లు ఈ ప్రాంతపు సంఘ చరిత్రలోనే ఉన్నాయి. 1836లో మిషనరీ ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ మొదలుపెట్టిన పరిచర్య నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌గా ఎదిగి, వసిష్ఠ గోదావరి దాటి అమలాపురం వైపుకు విస్తరించింది. ఇవి బ్రదరన్ సంఘాలు. అంటే జీతానికి పనిచేసే పాస్టరు గాని, పైన బిషప్పు గాని లేకుండా, స్థానిక పెద్దల పర్యవేక్షణలో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తూ కూడుకునే సహవాసాలు.

ఈ బ్రదరన్ సమాజం 1848లోనే రెండుగా చీలింది. గ్రోవ్స్‌కు బావమరిది వరుసైన జార్జి ముల్లర్ నడిపిన బ్రిస్టల్‌లోని బెతెస్దా సంఘం, తప్పుడు బోధ ఉన్న చోటు నుంచి వచ్చిన మనిషిని కూడా అతడు స్వయంగా ఆ బోధను నమ్మడం లేదని తేలితే రొట్టె విరిచే ప్రభువు బల్ల దగ్గర చేర్చుకోవచ్చునని తలచగా, జాన్ నెల్సన్ డార్బీ దానికి ఒప్పుకోక తన వారితో వేరుపడ్డాడు. మొదటి పక్షాన్ని ఓపెన్ బ్రదరన్ అనీ, ఒక చోట వెలివేసిన మనిషిని అన్ని చోట్లా వెలివేయాలనే రెండో పక్షాన్ని ఎక్స్‌క్లూజివ్ బ్రదరన్ అనీ అంటారు. బౌడెన్, బీర్ నాటిన సంఘాలు మొదటి పక్షానివి. పేరు ఒకటే కాబట్టి ఒక శాఖ చేసిన పనిని మరో శాఖకు అంటగట్టడం ఇంటర్నెట్‌లో సులువుగా జరిగిపోతుంది గనుక, చిరంజీవి ఏది రాసినా ముందుగా ఏ సంఘం, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది తేల్చుకుని రాయడం అవసరం.

ఎక్స్‌క్లూజివ్ శాఖలోని ఒక పెద్ద వర్గం 1959 తరువాత జేమ్స్ టేలర్ జూనియర్ నాయకత్వంలో, తమ బల్లలో పాలుపొందని వారితో కలిసి భోజనం చేయడం కూడా అపవిత్రమని బోధించింది. ఒకే ఇంట్లో భార్య లోపల ఉండి భర్త బయటికి వస్తే, ఇద్దరూ ఒక కంచం దగ్గర కూర్చోలేని స్థితి వచ్చింది. రేడియో, టెలివిజన్, ఆ తరువాత కంప్యూటరు కూడా నిషిద్ధమయ్యాయి. 1970లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో టేలర్ ప్రవర్తన గురించి వచ్చిన వివాదంతో వేలాదిమంది బయటికి వచ్చేశారు. అలా వచ్చినవారు తమ బాధ తమ ఇంటిదేనని అనుకుంటూ పలు దేశాల్లో చెదిరిపోయి బతికారు. మూడు దశాబ్దాల తరువాత ఇంటర్నెట్ వారిని ఒకరికొకరిని చూపించింది. ఆస్ట్రేలియాలో తల్లిని చూడలేకపోయిన కొడుకూ, ఇంగ్లండులో బిడ్డల పెళ్లికి పిలుపు అందని తండ్రీ తమ తమ అనుభవాలను పక్కపక్కన పెట్టుకున్నప్పుడు, అవి ఒక్కొక్క కుటుంబపు గొడవలు కావనీ, ఒక పద్ధతి ప్రకారం జరిగిన పనులనీ తేటతెల్లమైంది. సంఘపు రచనలను అనుమతి లేకుండా బయటపెట్టారంటూ ఆ వర్గానికి చెందిన ట్రస్టు అమెరికాలో కోర్టుకు వెళ్లిన సందర్భమూ ఉంది.

ఆ సాక్ష్యాల ఫలితాన్ని చిరంజీవి జాగ్రత్తగా గమనించాలి. ఇంగ్లండులో ధర్మసంస్థలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ 2012లో ఆ వర్గానికి చెందిన ప్రెస్టన్ డౌన్ ట్రస్టును ధర్మసంస్థగా నమోదు చేయడానికి నిరాకరించింది. 2014 జనవరిలో అంగీకరించింది గాని, క్రమశిక్షణ పేరుతోనూ, విడిచిపోయినవారి పట్లా జరిగిన వ్యవహారంలో కీడు ఉన్నదని గుర్తించి, వెళ్లిపోయినవారిని కనికరంతో చూడాలనీ, కుటుంబ సంబంధాలకు అడ్డుపడకూడదనీ చెప్పే నియమాలను ట్రస్టు పత్రంలోనే చేర్పించింది. సంఘం మూతపడలేదు, నమ్మకం మారలేదు. కాని విడిచిపోయిన మనిషిని ఇంట్లో మనిషిగా చూడాలనే మాట చట్టబద్ధమైన పత్రంలోకి ఎక్కింది. ఎవరి విశ్వాసాన్నీ వెక్కిరించకుండా, ఫలానా పని వల్ల ఫలానా హాని జరిగిందని వివరంగా చెప్పినవారి మాటకు దక్కిన ఫలం అది. నాయకుణ్ణి తిట్టిన వీడియోలు వేలమంది చూడవచ్చు. వాటి నుంచి ఒక్క నియమమూ పుట్టదు.

కోనసీమలో ఇలా సాక్ష్యం చెప్పేవారికి వేరే దేశాల వారికి లేని చిక్కొకటి ఉంది. క్రైస్తవుడైన వ్యక్తికి షెడ్యూల్డు కులపు హోదా ఉండదని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చెబుతుంది. షెడ్యూల్డు కులం నుంచి క్రైస్తవం స్వీకరించి ఆచరిస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. దళిత పేటల్లోని కుటుంబాల బడి చదువులూ, ఉద్యోగాలూ కుల ధ్రువపత్రం మీద ఆధారపడి ఉండగా, సంఘ పెద్దల దుర్వినియోగాన్ని చూపించడానికని పెట్టిన ఒక బాప్తిస్మపు ఫొటోలోనో, ఆరాధన వీడియోలోనో వెనక వరుసలో కూర్చున్న పేదరాలి ముఖం కనిపిస్తే, ఏ పాపమూ ఎరగని ఆ ఇంటి మీద ఫిర్యాదు పడవచ్చు. మందిరంలో తీసిన ఏ బొమ్మనూ బయట పెట్టకపోవడమే మేలు. పైగా కోనసీమ జిల్లా పేరు మార్పు విషయమై 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడిన రోజున పుకారు ఎంత వేగంగా పాకుతుందో, ఆ తరువాత ఇంటర్నెట్ నిలిపివేసినప్పుడు జనం ఎంత అవస్థ పడ్డారో ఈ ప్రాంతం చూసింది. సంఘంలోని తగవు కులతగవుగానో మతతగవుగానో మారితే, మొదట నష్టపోయేది ఆ సంఘంలోని పేదలే.

పిల్లల మీద జరిగిన అకృత్యాల సంగతి పూర్తిగా వేరు. ఆస్ట్రేలియాలో రాయల్ కమిషన్ 2015లో యెహోవా సాక్షుల సంస్థను విచారించినప్పుడు, 1950 నుంచి 1,006 మంది నిందితుల వివరాలు సంస్థ దస్త్రాలలోనే ఉన్నా, వారిలో ఒక్కరి గురించి కూడా సంస్థ పోలీసులకు చెప్పలేదని బయటపడింది. ఇద్దరు సాక్షులు లేనిదే ఆరోపణను అంగీకరించకూడదనే వారి నియమం, చాటున జరిగే నేరానికి రక్షణగా మారింది. అక్కడ ధైర్యంగా ముందుకు వచ్చినవారు బాధితులే. అయితే మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం, అంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే చట్టం ప్రకారం, అటువంటి నేరం తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలి; దాచిన పెద్దలూ శిక్షార్హులే. అదే చట్టం బిడ్డ పేరు గాని, ఊరు గాని, బడి గాని ఏ మాధ్యమంలోనూ వెల్లడించరాదని కూడా అంటుంది. కనుక అటువంటి విషయం ముందుగా పోలీసు స్టేషనుకు వెళ్లాలి గాని, ఫోనులోకి ఎక్కకూడదు.

డబ్బు విషయంలో దశమభాగాల రసీదులు, భూమి కొనుగోలు పత్రాలు, సొసైటీగా నమోదైన సంఘమైతే రిజిస్ట్రారు కార్యాలయంలోని నకళ్లు చేతిలో ఉంచుకుని మాట్లాడాలి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద పరువునష్టం నేరమే. మాట నిజమై, ప్రజాహితం కోసం చెప్పినదై ఉంటే మినహాయింపు దొరుకుతుంది. ఒక సమూహపు మతాన్ని దురుద్దేశంతో అవమానించి వారి మత మనోభావాలను కావాలని గాయపరిస్తే అదే సంహితలోని 299వ సెక్షను వర్తిస్తుంది. వినికిడిని వినికిడిగా, చూసినదాన్ని చూసినదిగా విడదీసి రాసే అలవాటు కోర్టు భయం కోసం మాత్రమే కాక, ఆరోపణకు గురైన మనిషికి చేసే న్యాయం కోసం కూడా అవసరం.

రాజోలులో ఇంకా అదే సంఘానికి వెళ్తున్న చిరంజీవి తల్లి సంగతి అన్నిటికన్నా ముందు ఆలోచించవలసినది. ఆమె నలభై ఏళ్లు పాడిన పాటలూ, పోయినవారిని పూడ్చిన మట్టీ, కష్టంలో ఆదుకున్న పొరుగూ ఆ మందిరంలోనే ఉన్నాయి. కొడుకు రాసిన మాటకు ఆమెను బల్ల నుంచి ఆపితే, ఆ ఊళ్లో ఆమెకు మరో కూడిక దొరకదు. అందుచేత ఏదీ ప్రకటించకముందే ఆమెకు చదివి వినిపించి, ఆమె భయపడే భాగాన్ని తీసేయడమో, ఆమె సిద్ధపడేదాకా ఆగడమో చేయాలి. పెద్దలకు కూడా ఫిర్యాదును ముందుగా రాతపూర్వకంగా పంపి, జవాబుకు తగిన గడువు ఇచ్చి, జవాబు వస్తే అది ఎంత చేదుగా ఉన్నా ఒక్క అక్షరం తగ్గించకుండా ఫిర్యాదు పక్కనే ప్రచురించాలి.