పెరటి పంట – పచ్చడి జాడీ : ఒక పరిశీలన

పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలంటారు. మందు సంగతేమో గాని, కిరాణా కొట్టు బాకీకి మాత్రం పనికొస్తుంది. ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం. మాది నూజివీడు పక్కన పల్లెటూరు. కొద్దిగా మామిడి తోట, కొద్దిగా మెట్ట, ఇంటి వెనక పెరడు. మూడేళ్ళుగా అమ్మా, నాయనమ్మా, చిన్నమ్మా కలిసి వేసవిలో ఆవకాయ పెట్టి, ఇంటికి ఉంచుకోగా మిగిలింది అమ్ముతున్నారు. సైన్సు చదువుతున్నానన్న పాపానికి లెక్క రాసే పని నా మీద పడింది.

ముందు పచ్చి సరుకు సంగతి. మునక్కాయ, కరివేపాకు, గోంగూర, నిమ్మకాయ – ఇవన్నీ మా పెరట్లో కాస్తాయి. రైతు దళారి లేకుండా తానే అమ్ముకోవడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరిలో రైతు బజార్లు మొదలయ్యాయి. మంచి ఏర్పాటే. కాని అర బస్తా కరివేపాకు కోసం ఆటో కిరాయి పెట్టుకుని పోతే మధ్యాహ్నానికి ఆకు వాడిపోతుంది. కొనేవాడికి తొందర లేదు, మనకుంది. ఆ తొందరే ధరను కిందికి లాగుతుంది. మామిడి దగ్గరా ఇదే తంతు. పచ్చడికి పనికొచ్చే చిన్న రసాలు, జలాలు కాయగా తూకం వేస్తే వ్యాపారి చెప్పిందే ధర. గాలికి రాలిన కాయనైతే అడిగేవాడే ఉండడు. అది ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులు చేసుకోవాల్సిందే.

పచ్చడి పెడితే ఆ తొందర పోతుంది. ఏప్రిల్లో కోసిన కాయను డిసెంబరులో అమ్మవచ్చు. మరి తడి ఉన్న కాయ అన్నాళ్ళు ఎలా నిలుస్తుంది? నాకు ఇది పాఠ్యపుస్తకం కంటే జాడీ దగ్గరే బాగా అర్థమైంది.

మా ఇంటి కొలత కిలో ముక్కలకు ఉప్పు, ఆవపిండి, కారం తలా 200 గ్రాములు, నువ్వుల నూనె 350 మిల్లీలీటర్లు, కాసిని మెంతులు, వెల్లుల్లి. పచ్చి మామిడిలో నూటికి సుమారు 85 పాళ్ళు నీరే. ఉప్పు నూనెలో కరగదు, ఆ నీటిలోనే కరుగుతుంది. 850 గ్రాముల నీటిలో 200 గ్రాముల ఉప్పు అంటే దాదాపు 19 శాతం ద్రావణం. ముక్కలోని నీరు ద్రవాభిసరణం వల్ల బయటికొస్తుంది. మూడో రోజు తిరగకలిపేటప్పుడు జాడీలో ఊట కనబడేది అందుకే. ఇంత ఉప్పున్న నీటికి ‘వాటర్ యాక్టివిటీ’ 0.85 దగ్గరికి దిగుతుంది. అంటే నీరు ఉన్నా, సూక్ష్మజీవులు వాడుకోవడానికి చిక్కదన్నమాట. బాక్టీరియాలో చాలా రకాలు 0.91 కిందికి పోతే పెరగలేవు. పైగా కాయలో పులుపుంది. ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేసే క్లాస్ట్రీడియం బొట్యులినమ్ పి.హెచ్. 4.6 కన్నా తక్కువైతే పెరగదు. మామిడి పచ్చడి దానికి చాలా కిందనే ఉంటుంది.

బూజు మాత్రం మొండిది. 0.85 దగ్గర కూడా కొన్ని రకాలు బతుకుతాయి. వాటికి గాలి కావాలి. అందుకే పైన నూనె తేలాలని, ముక్క మునగాలని నాయనమ్మ పోరుతుంది. తడి చెయ్యి పెట్టవద్దనడంలోనూ భౌతికశాస్త్రముంది. నీటిచుక్క నూనెకన్నా బరువు, ఉప్పు ఊటకన్నా తేలిక. కాబట్టి అది నూనె దిగి, ఊటపైన పలచని పొరగా నిలుస్తుంది. ఉప్పు చాలని ఆ పొరలోనే చెడు మొదలవుతుంది. ఆవపిండి ఘాటు కూడా తడి తగిలాకే పుడుతుంది. ఆవగింజలో విడివిడిగా ఉన్న సినిగ్రిన్, మైరోసినేస్ అనే ఎంజైము పొడి కొట్టి తడపగానే కలిసి, అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే ఘాటు పదార్థాన్నిస్తాయి. అదీ సూక్ష్మజీవులకు గిట్టదు.

ఇహ అసలు చిక్కు. పట్నంలో కొనేవాళ్ళు “ఉప్పు సగం చెయ్యండమ్మా, మాకు బి.పి.” అంటున్నారు. వాళ్ళది న్యాయమైన మాటే. పెద్దవాళ్ళు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అడిగింది చేసిస్తే రెండు జాడీలు ఎక్కువ పోతాయని చిన్నమ్మ వాదన. కాని సగం చేస్తే ఏమవుతుంది? ద్రావణం పదిన్నర శాతానికి పడి, వాటర్ యాక్టివిటీ 0.93కు లేస్తుంది. పులుపు కొంత కాపాడినా, ఈస్టు పొంగుతుంది, బూజు సులువవుతుంది. కంపెనీ సీసాల మీద చదివి చూడండి, చాలావాటిలో అసిటిక్ ఆమ్లమో, బెంజోయేటో కనిపిస్తుంది. మన జాడీలో ఆ పని ఉప్పే చేస్తోంది. నా అభిప్రాయం ఇది: నిలవ పచ్చడిలో ఉప్పు తగ్గించకూడదు. పది గ్రాముల పచ్చడిలో సుమారు ఒక గ్రాము ఉప్పుంటుందని కొనేవారికి చెప్పి, తక్కువ వేసుకోమనాలి. ఉప్పు తగ్గించినది కావాలంటే అడిగినవారికే కొద్దికొద్దిగా చేసి, ఫ్రిజ్‌లో పెట్టుకుని త్వరగా వాడమని సీసా మీద రాసి ఇవ్వాలి. మా ఇంట్లో ఇప్పుడు అలాగే చేస్తున్నారు.

లెక్కకు వద్దాం. కిలో ముక్కలకు కిలోంబావు పైగా కాయ కావాలి. సొంత తోట కాయ గదా అని ఊరకే వెయ్యకుండా, వ్యాపారి ఇచ్చే ధరకే కట్టి 33 రూపాయలు వేశాను. కారం 60, ఆవపిండి 30, ఉప్పు 4, నూనె 140, మిగతా దినుసులు 13, సీసాలు 20. మొత్తం 300. అమ్మకానికి వచ్చేది కిలో 800 గ్రాములు, కిలో 350 చొప్పున 630 రూపాయలు. పోయిన వేసవిలో 20 కిలోల ముక్కలకు పెడితే రాబడి 12,600, ఖర్చు 6,000, మిగులు 6,600. మా కిరాణా బిల్లు నెలకు సుమారు 4,500. అంటే ఏడాదిలో నెలన్నర సరుకులు పచ్చడి మీద వెళ్ళాయి.

ఇక్కడితో ఆపితే అందరూ సంతోషించేవారే. కాని కాయ కడిగి తుడవడం, కొట్టడం, జీడి తీయడం, కారం ఆడించడం, కలపడం, సీసాల కెత్తడం – ముగ్గురు ఆడవాళ్ళు నాలుగేసి రోజులు పనిచేశారు. మొత్తం పన్నెండు పనిదినాలు. పొలం కూలి 400 చొప్పున కడితే 4,800. అది తీస్తే నికరంగా మిగిలింది 1,800. “ఇంట్లో పనికి కూలేమిట్రా, వినేవాళ్ళు నవ్వుతారు” అంది నాయనమ్మ. అమ్మ ఏమీ అనలేదు గాని, నోట్సులో ఆ పంక్తి రెండుసార్లు చదివింది. మనం లాభమని చెప్పుకునే దానిలో మూడొంతులకు రెండొంతులకు పైగా వాళ్ళ కూలే. ఈ ఏడు ఆ 4,800 విడిగా వాళ్ళ చేతికే ఇవ్వాలని నాన్నను ఒప్పించాను. తరువాత వాళ్ళు దానితో పంచదార కొన్నా, చీర కొన్నా అది వాళ్ళ ఇష్టం.

అమ్మకానికి దిగాక చట్టం కూడా ఉంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఇంట్లో చేసి అమ్మే చిన్నవాళ్ళు సైతం రిజిస్టరు చేయించుకోవాలి. సీసా మీద 14 అంకెల నంబరు, దినుసులు, నికర బరువు, చేసిన తేదీ, శాకాహారమైతే పచ్చచుక్క ఉండాలి. దీన్ని భారమనుకోనక్కర్లేదు, తేదీ రాసిన సీసాను కొత్తవాళ్ళు కూడా నమ్మి కొంటారు.

ఖర్చులో దాదాపు సగం నూనెదే గనక, మెట్టలో కొంత నువ్వులు వేద్దామని నాన్న అన్నాడు. మూడు నెలల్లోపు చేతికొచ్చే పంట. 20 కిలోల ముక్కలకు ఏడు లీటర్ల నూనె కావాలి. గానుగలో నూటికి 40 పాళ్ళు దిగినా 17 కిలోల నువ్వులు చాలు. అయితే మామిడికి కట్టినట్టే నువ్వులకూ బజారు ధర కట్టి, ఆడించిన కూలి కలిపి చూశాను. కొన్న నూనెకూ దీనికీ తేడా కొద్ది వందలే. కాకపోతే పది కిలోల తెలగపిండి మిగులుతుంది. అందులో గేదెకెంత, కూరకెంత అన్నది అమ్మా నాన్నా ఇంకా తేల్చుకోలేదు.