బోలస్ అని రాసి ఉంటే

చి. లావణ్యకు,

పుస్తకంలో బోలస్ అంటే నమిలిన అన్నం ముద్ద, వార్డులో బోలస్ అంటే ఇంజెక్షన్, ఈ రెండింటికీ పొత్తేమిటని అడిగావు. ఒక్క ముద్దగా, ఒక్క ఊపున లోపలికి వెళ్లడమే ఆ పొత్తు.

పళ్లు నలిపి, లాలాజలం తడిపిన ముద్దను నాలుక వెనక్కి తోస్తుంది. అక్కణ్ణుంచి సుమారు 25 సెంటీమీటర్ల అన్నవాహికను అది కొన్ని సెకన్లలో దాటుతుంది. దాన్ని దింపేవి కండరాల అలలు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి ఈ మింగడమే కష్టం, నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మింగగలరని తేలేదాకా వాళ్ల నోటికి ఏదీ ఇవ్వనీయకు. ఇంటివాళ్లు బతిమాలినా సరే. అన్నట్టు, ఆవు నెమరుకు పైకి తెచ్చుకునే ముద్దా బోలసే, పశువులకు మింగించే పెద్ద మాత్రా బోలసే.

ఇక ఇంజెక్షన్ సంగతి. గుండె ఉన్నట్టుండి విపరీతంగా కొట్టుకునే ఎస్‌వీటీలో అడినోసిన్ ఇస్తారు. రక్తంలో అది 10 సెకన్లలోపే సగానికి పైగా విరిగిపోతుంది. మెల్లగా ఇస్తే గుండెను చేరదు. అందుకే పెద్దవాళ్లకు 6 మిల్లీగ్రాములు మోచేతి దగ్గరి పెద్ద సిరలోకి ఒకటి రెండు సెకన్లలో తోసి, వెంటనే 20 మిల్లీలీటర్ల సెలైన్‌తో ఫ్లష్ చేస్తారు. మానిటర్ మీద గీత కాసేపు చదునవుతుంది, రోగికి ఛాతీ పట్టేసినట్టుంటుంది. ఆ సంగతి ముందే చెప్పి, చెయ్యి పట్టుకుని నిలబడు.

పొటాషియం క్లోరైడ్ దీనికి పూర్తిగా ఎదురు. బోలస్‌గా తోస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి, మెల్లగా ఎక్కించాల్సిందే. ఎవరు తొందరపెట్టినా దాన్ని సిరంజితో తోయకు. కేస్ షీట్‌లో ఏ మందుకైనా ఉత్త బోలస్ అనే ఉంటే, ఎన్ని నిమిషాల్లో ఇవ్వాలో డాక్టరుగారిచేత రాయించుకో.

సెలైనే కదా అని కూడా అనుకోకు. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జ్వరంతో రక్తప్రసరణ దెబ్బతిన్న మూడు వేలకు పైగా పిల్లల మీద జరిగిన ఫీస్ట్ అధ్యయనం 2011లో వెలువడింది. ద్రవాన్ని బోలస్‌గా పొందిన పిల్లల్లో 48 గంటల్లో వందకు పదిమందికి పైగా పోయారు. బోలస్ పొందనివాళ్లలో పోయింది వందకు ఏడుగురు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ ఆసుపత్రుల్లో వెంటిలేటర్లూ లేవు. పిల్లలకు బోలస్ మొదలుపెట్టాక మంచం దగ్గరే ఉండి, ఊపిరి లెక్కపెడుతూ ఉండు. ఆయాసం పెరిగితే డ్రిప్ ఆపి డాక్టరుగారిని పిలువు.

నీ మేనత్త