సంఘం కంప్యూటరుకు కాపలా

మన పాల కేంద్రాలు ఉదయం, సాయంత్రం కాసేపే తెరచి ఉంటాయి. మిగతా వేళల్లో వింజమూరులోనైనా, చుట్టుపక్కల పల్లెలోనైనా గది తాళమే దిక్కు. కంప్యూటరు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో, వెన్న ఎంతో, ఎస్.ఎన్.ఎఫ్. ఎంతో తెలిపే లెక్క పోతే సభ్యులకు బిల్లు ఎలా కట్టగలం? కనుక ఈ క్రింది విషయాలు గమనించవలెను.

1. చాలా కంప్యూటర్ల పెట్టెకు వెనుక తాళం కొక్కెం గాని, 3 మి.మీ. వెడల్పు, 7 మి.మీ. పొడవు గల రంధ్రం గాని ఉంటుంది. దానికి ఉక్కు తీగ తాళం తగిలించి గోడలోని బోల్టుకు బిగించాలి. బల్ల కాలికి కడితే బల్ల ఎత్తి తీగ లాగేస్తారు.

2. ఇనుప చట్రం చేయిస్తే గాలి ఆడే సందులు ఉంచాలి. లేకుంటే యంత్రం వేడెక్కి చెడిపోతుంది.

3. ప్రతి పూట లెక్కను పెన్‌డ్రైవులోకి ఎక్కించాలి. దానిని అదే గదిలో ఉంచరాదు.

4. యంత్రం సీరియల్ నంబరును ఆస్తుల రిజిస్టరులో వ్రాయాలి.

దొంగతనం జరిగితే పోలీసులు చూసేవరకు గదిలో ఏదీ ముట్టుకోరాదు. సీరియల్ నంబరుతో ఫిర్యాదు ఇవ్వాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని చట్టం చెబుతోంది. బీమా ఉంటే దానికి అది అవసరం.

సభ్యులకు ఒక మాట: బిల్లు చేతికందేవరకు పాల చీటీలు పారవేయకండి. కంప్యూటరు పోయిన నాడు మీ కష్టానికి అవే సాక్ష్యం.